కాంక్రీటు గట్టు మీద నీటికాకులు

నగరాల జలాశయాలను తాగునీటి కోసమే కడతారు తప్ప పక్షుల కోసం ఎవరూ కట్టరు. అయినా ఈ చలికాలపు ఉదయాల్లో అలాంటి ఒక గట్టు మీద నిలబడి గమనిస్తుంటే, ఏ పక్షి ఎక్కడ చేరుతుందో తేల్చేది నీటి విస్తీర్ణం కన్నా ఎక్కువగా లోతూ, అంచుల వాలూ అని నాకు స్పష్టమైంది. నడిమి లోతుల్లో మునిగి చేపలు పట్టిన నీటికాకులు పైకి వచ్చి, పంపుహౌస్ గోడ మీద రెక్కలు బార్లా చాపి ఆరబెట్టుకుంటాయి. వాటి ఈకల అంచులు తడిసిపోవడం లోపంలా కనిపిస్తుంది గానీ, తేలిగ్గా మునగడానికి ఆ తడే సాయపడుతుంది. నిటారు కాంక్రీటు అంచు వైపు మాత్రం ఉల్లంకి పిట్టలు తొంగి చూడవు. నీటిమట్టం తగ్గి బురద బయటపడిన మూలకే చేరి, ముక్కుతో పొడుస్తూ పురుగులు ఏరుకుంటాయి. అదే మట్టం గూళ్లు కట్టే వేళ ఉన్నట్టుండి పెరిగితే, ఒడ్డున పెట్టిన గుడ్లు మునిగిపోతాయి.

లండన్‌లో వాడుక తప్పిన 4 పాత జలాశయాలను చిత్తడి నేలలుగా మార్చి 2000లో సందర్శకులకు తెరిచారు. అదే లండన్‌లోని వాల్తమ్‌స్టోలో మాత్రం నగరానికి ఇంకా నీరందిస్తున్న 10 జలాశయాలనే 2017లో తెరిచారు. నాకు రెండో పద్ధతే ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే చాలా నగరాలు తమ జలాశయాలను వదులుకునే స్థితిలో లేవు. అలాంటి చోట గులకరాళ్లు పరిచిన తేలే తెప్పలను కట్టి ఉంచితే, అవి నీటితో పాటే లేచి దిగుతాయి కనుక రీవ పక్షులు (టెర్న్‌లు) వాటి మీద నిశ్చింతగా గుడ్లు పెట్టుకోగలవు.