టవర్ కనబడితే చాలదు

మా అమ్మమ్మ వాళ్ల ఊరు దేవరకొండ దాటాక గుట్టల మధ్య ఉంటుంది. పరీక్షలు దగ్గర పడ్డాయని యాంటెన్నాలు, తరంగ వ్యాప్తి పుస్తకం పట్టుకుని ఇక్కడికి వచ్చాను. పొద్దున డైపోల్ అనే సాదా యాంటెన్నా లెక్కలు త్వరగానే అయిపోయాయి.

మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ అమ్మమ్మ అడిగింది: "మిద్దె ఎక్కితే టవర్ కనబడుతూనే ఉంది కదా బిడ్డా, మరి ఫోన్‌లో మాట ఎందుకు తెగిపోతుంది?"

మంచి ప్రశ్న. అన్నం తిని మిద్దె ఎక్కి చూశాను. టవర్ సుమారు ఆరు కిలోమీటర్ల అవతల ఉంటుంది. ఇంటికి కిలోమీటరు దూరంలో ఉన్న గుట్ట అంచు మీదుగా దాని తల మాత్రమే కనిపిస్తుంది. చూపుకు ఆ సందు చాలు. తరంగానికి చాలదు. టవర్‌కూ ఫోనుకూ మధ్య గీసిన సరళరేఖ చుట్టూ కొంత చోటు అది అడుగుతుంది. ఆ చోటులోని ఏ బిందువు మీదుగా వచ్చినా, నేరుగా వచ్చే దారికంటే అర తరంగదైర్ఘ్యానికి మించి ఎక్కువ నడక పడదు. ఫోన్లు వాడే 1800 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం దగ్గర ఆ తేడా ఎనిమిది సెంటీమీటర్లు. దీన్నే మొదటి ఫ్రెనెల్ మండలం అంటారు. లెక్క కట్టి చూస్తే, గుట్ట ఉన్న చోట దాని వ్యాసార్థం దాదాపు 12 మీటర్లు వచ్చింది. అందులో కనీసం 60 శాతం ఖాళీగా ఉండాలి. గుట్ట అంచు సరిగ్గా ఆ రేఖను తాకితే చాలు, 6 డెసిబెల్స్ పోతాయి. అంటే అందే శక్తి నాలుగో వంతే.

ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త ఫ్రెనెల్ ఈ గణితమంతా కాంతి కోసం చేశాడు. 1827లో చనిపోయాడు. రేడియో తరంగాలను జర్మన్ శాస్త్రవేత్త హెర్ట్జ్ ప్రయోగంలో చూపించింది ఆ తర్వాత అరవై ఏళ్లకు. తన లెక్క ఒక పల్లెలో ఫోను మాటకు పనికొస్తుందని ఆయన ఊహించి ఉండడు. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

మాట తెగినప్పుడల్లా అమ్మమ్మ పశువుల కొట్టం వైపు నడుస్తుంది. అక్కడ బాగా వినబడుతుందని ఆమె ఎప్పుడో కనిపెట్టింది. ఆ వైపు జరిగిన కొద్దీ రేఖ గుట్ట వాలు మీదికి, అంటే ఎత్తు తగ్గే చోటికి జరుగుతుంది. నా పుస్తకంలో ఉన్న సంగతి ఆమె కాళ్లకు ముందే తెలుసు.

తాతయ్య రేడియోకు ఈ బాధ ఉండేది కాదు. హైదరాబాద్ ఆకాశవాణి 738 కిలోహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం నాలుగు వందల మీటర్ల పైమాట. అంత పొడవైన తరంగం నేల వెంట పాకుతూ ఇలాంటి గుట్టలను సులువుగా చుట్టి వస్తుంది. చీకటి పడ్డాక, పై వాతావరణంలోని అయనావరణంలో పగలు ఈ తరంగాలను పీల్చుకునే డి పొర సన్నగిల్లి, దూరపు స్టేషన్లు కూడా వినబడేవి.

రాత్రి భోజనమయ్యాక అమ్మమ్మకు కాగితం మీద గుట్ట బొమ్మ వేసి చూపించాను. "అయితే మిద్దె మీద గుంజ పాతి పైన యాంటెన్నా పెడితే?" అంది. మిద్దె దగ్గర ఒక మీటరు పెంచితే గుట్ట దగ్గర రేఖ 5/6 మీటరే లేస్తుంది. ఆ 60 శాతం, అంటే ఏడు మీటర్ల ఖాళీ దొరకాలంటే ఎనిమిదిన్నర మీటర్ల గుంజ కావాలి. అంతకంటే కొట్టం పక్కన ఒక అరుగు కట్టించడం మేలు. రేపు మేస్త్రీని అడుగుతాను.