కోటులో పెట్టుకున్న చేయి

పదకొండు దాటింది. అమ్మ నాతో మాట్లాడకుండానే పడుకుంది.

తాతయ్య ఫొటో పెద్దది చేయమని ఇస్తే షాపతను చేతులు రెండూ కత్తిరించి ఛాతీ వరకే ఉంచాడు. "చేతిమీద ఏదో మచ్చ ఉందండీ, ముఖం బాగా కనబడుతుందని తీసేశాను" అన్నాడు. మచ్చట! ఎవరింటి పెళ్లిలోనో గంగాళం వంచుతుంటే గంజి ఒలికి కాలిన చేయి అది. "పోనీలే, ముఖం బాగా వచ్చిందిగా" అంది అమ్మ. అక్కడే నాకు ఒళ్లు మండింది. నలభై ఏళ్లు ఒకే ఇంట వంట చేసిన మనిషి స్టూడియో గడప తొక్కింది ఆ ఒక్కసారే. కోటు కూడా స్టూడియోవాళ్లదే, భుజాల దగ్గర వదులు. ఎంత చెప్పినా కుర్చీలో కూర్చోలేదట, దాని వీపు మీద చేయి ఆనించి నిలబడ్డాడు. ఆ పూట వంట ఆలస్యమైందని యజమానురాలితో మాట కూడా పడ్డాడని అమ్మమ్మ చెప్పేది.

చిన్నవాడు కెనడాలోని ఒట్టావా మ్యూజియం నుంచి పంపిన బొమ్మ కూడా ఈ రోజే చూడాలా! ఇగ్నేషియస్ సాంకో. చిన్నతనమంతా బానిసగా గడిపి, తర్వాత ఇంగ్లండులో మాంటగూ ప్రభువుల ఇంట నౌకరీ చేసిన నల్లజాతి మనిషి. ఆ ఇంటి దొరసాని డచెస్ వెంట బాత్ నగరానికి వెళ్లినప్పుడు, 1768 నవంబరు 29న, గెయిన్స్‌బరో అనే పేరున్న చిత్రకారుడు ఆయన బొమ్మ వేశాడు. గంటా నలభై నిమిషాల్లో ముగించాడట. నౌకరుకు ఆపాటి చాలనుకున్నాడు కాబోలు, వేళ్లు గీసే ఓపిక లేక చేతిని వెయిస్ట్‌కోటులో దూర్చేశాడు అనుకుని మండిపడ్డాను.

ఇది రాస్తూ మళ్లీ తెరిచి చూశాను. కాదు, నేనే పొరబడ్డాను. ఒంటిమీద ఉన్నది నౌకర్ల దుస్తులు కావు. ఎర్రటి వెయిస్ట్‌కోటుకు బంగారు జరీ అంచు. ఆ కాలపు పెద్దమనుషులు చిత్రకారుడి ముందు అలాగే చేయి లోపల పెట్టుకుని నిలబడేవారు. నౌకరు చేతిలో ఎప్పుడూ పళ్లెమో దీపమో ఉండాలి కదా, ఈ చేతికి ఏ పనీ లేదు. తీరిగ్గా తన గుండె దగ్గర ఉంది. 1774లో సాంకో లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్‌లో కిరాణా కొట్టు పెట్టుకున్నాడు, ఆ ఏడాది ఎన్నికల్లో ఓటూ వేశాడు.

ఇందాక అసలు ఫొటోను భూతద్దం కింద పెట్టాను. తాతయ్య మంచి చేతిని జేబులో పెట్టుకుని, కాలిన చేతినే కుర్చీ మీద వేశాడు. మణికట్టు నుంచి చిటికెన వేలి దాకా చర్మం ముడుచుకుని ఉంది. ఇన్నేళ్లూ ఇది గమనించనే లేదు.

రేపు షాపు తెరిచే వేళకి వెళతాను. మళ్లీ డబ్బు తీసుకుంటే తీసుకోనీ. ఫ్రేము పొడవవుతుంది, గోడమీద క్యాలెండరు పక్కకు జరపాలి. అమ్మకు పొద్దున్నే చెప్పాలి.