చిన్న కన్సల్టెన్సీలో కొలువు

నల్లగొండలో గానీ దేవరకొండలో గానీ ఏ శుభకార్యానికి వెళ్లినా, పిల్లలను అమెరికాకు ఎం.ఎస్. చదువుకు పంపిన తల్లిదండ్రులు నన్ను అడిగే మాట ఒకటే: "మా పిలగానికి ఒక కంపెనీల ఆఫర్ వచ్చింది, మనోళ్లదేనట, చేరమంటరా సారూ?" సంస్థ పేరు చెబుతారు, నేను ఎన్నడూ విని ఉండను. డల్లాస్ చుట్టుపక్కల, న్యూజెర్సీలోని ఎడిసన్ చుట్టుపక్కల పదిమందితో, ఇరవైమందితో నడిచే, తమ ఉద్యోగులను వేరే కంపెనీల పనికి పంపే సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీలు చాలా ఉన్నాయి. అలాంటి రెండింటిలో పనిచేసినవాడిగా, చేరవద్దని నేను ఎవరికీ చెప్పను. జీతం ఏ దారిన వస్తుందో, ఆ దారి మూసుకుపోయిన రోజున ఎవరు ఇవ్వాలో తెలుసుకుని చేరమంటాను.

నేను మొదట చేరిన సంస్థకు డల్లాస్ పక్కనున్న ఇర్వింగ్‌లో రెండు గదుల కార్యాలయం ఉండేది. ఒక గదిలో యజమాని బల్ల, రెండో గదిలో ఫైళ్ల బీరువా, ప్రింటరు. యజమాని పగలంతా ఒక బ్యాంకు ప్రాజెక్టులో స్వయంగా ప్రోగ్రామింగ్ చేసి, రాత్రి భోజనమయ్యాక ఇన్వాయిస్‌లు పంపేవారు. ఆయన భార్య పేరోల్ (జీతాల చెల్లింపు) చూసేవారు. మాకు ప్రాజెక్టులు వెతికిపెట్టే మార్కెటింగ్ బృందం హైదరాబాద్‌లో రాత్రి వేళల్లో పనిచేసేది. సంతకాలు పెట్టి వచ్చాక నేను ఆ కార్యాలయానికి వెళ్లిన సందర్భాలు అరుదు, ఎందుకంటే నా పనంతా ఒక బీమా సంస్థలో.

ఆ బీమా సంస్థకు నా యజమాని ఎవరో తెలియదు. వారికీ మాకూ నడుమ ఇద్దరు వెండర్లు, అంటే మనుషులను కుదిర్చే మధ్యవర్తి సంస్థలు, ఉన్నారు. శుక్రవారం సాయంత్రం నేను పనిచేసిన గంటలతో టైమ్‌షీట్ నింపితే క్లయింటు (ఆ బీమా సంస్థ) మేనేజరు ఆమోదిస్తారు. నెలాఖరున మా సంస్థ కింది వెండరుకు, ఆ వెండరు పై వెండరుకు, పై వెండరు క్లయింటుకు ఇన్వాయిస్ పంపుతారు. గంటకు క్లయింటు ఇచ్చే రేటులో ఒక్కొక్కరూ తమ వాటా తీసుకోగా మిగిలినది మా సంస్థకు చేరుతుంది, అదీ ఒప్పందంలో 45 రోజులని ఉంటే ఇన్వాయిస్ అందిన 45 రోజులకు. అంటే జనవరిలో నేను చేసిన పనికి డబ్బు మార్చి నడుమ వస్తుంది. నా జీతం మాత్రం జనవరి నెలాఖరుకే పడాలి. పెద్ద సంస్థకు ఈ ఎడం ఒక లెక్క కాదు. పదిమంది ఉన్న సంస్థలో ఒక వెండరు బిల్లు ఆపితే ముగ్గురి ఇళ్ల అద్దెలు ఆగిపోతాయి.

పాలమూరు నుంచి ఆనకట్టలు, కాలువలు తవ్వడానికి దేశమంతా తిరిగిన కూలీల సంగతి మా ప్రాంతంలో అందరికీ తెలిసినదే. గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి తీసుకుపోయేవాడు, కాంట్రాక్టరు దగ్గర డబ్బు రాబట్టి పంచేవాడు, రాకపోతే కూలీల చేతికి ఏమీ వచ్చేది కాదు. చిన్న కన్సల్టెన్సీ యజమాని స్థానం చాలావరకు ఆ మేస్త్రీ స్థానమే. అయితే మేస్త్రీ చేతిలో కూలి మాత్రమే ఉండేది. ఇక్కడ యజమాని చేతిలో కూలితోపాటు, అమెరికాలో ఉండి పనిచేయనిచ్చే హెచ్‌-1బి వీసా కూడా ఉంటుంది. ఈ రెండూ ఒకే చేతిలో ఉండడం వల్లనే మనవాళ్లు నోరు విప్పలేకపోతున్నారు.

రెండో సంస్థలో నా ప్రాజెక్టు ముగిసినప్పుడు యజమాని ఫోన్ చేసి, "ప్రాజెక్టు దొరికేదాకా పేరోల్ ఆపుదాం తమ్మీ, తర్వాత చూసుకుందాం" అన్నారు. కంపెనీ గెస్ట్ హౌస్‌లో నాతోపాటు ఉన్నవారందరికీ అదే మాట చెప్పారు. రోజూ పొద్దున మార్కెటింగ్ వాళ్లు ఫోన్ చేస్తారు, మధ్యాహ్నం వరకు ఇంటర్వ్యూలు, ఒకే రైస్ కుక్కర్‌లో అందరికీ అన్నం, రాత్రి ఇంటి నుంచి అమ్మ ఫోన్: "జీతం పడ్డదా బిడ్డా?" పడ్డదని అందరం చెప్పేవాళ్లం. ఆ యజమాని మా జిల్లా మనిషి, మా మేనమామకు తెలిసినవారు. విమానాశ్రయానికి వచ్చి తీసుకుపోయినదీ, మొదటి చలికోటు కొనిచ్చినదీ ఆయనే. అలాంటి మనిషిని జీతం అడగడం కృతఘ్నతలా అనిపిస్తుంది. కానీ చలికోటు ఆయన మంచితనం, జీతం నా హక్కు. ఒకదాని పేరు చెప్పి రెండోదాన్ని ఆపడం అన్యాయమని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. హెచ్‌-1బి దరఖాస్తుకు ముందు యజమాని అమెరికా కార్మిక శాఖకు ఎల్‌సీఏ అనే హామీపత్రం సమర్పిస్తారు. అందులో రాసిన జీతం, ఉద్యోగి బెంచి మీద (ప్రాజెక్టు లేక ఖాళీగా) ఉన్నా, ప్రాజెక్టు లేదన్న కారణంతో ఆపడానికి వీల్లేదు. పిటిషన్ (ఆ వీసా దరఖాస్తు) ఖర్చు, లాయరు ఫీజు ఉద్యోగి దగ్గర వసూలు చేయకూడదు. 25 మంది వరకు ఉన్న సంస్థ కట్టే 750 డాలర్ల శిక్షణ రుసుము, అంతకు మించిన సంస్థ కట్టే 1,500 డాలర్లు, ఇవి కూడా యజమాని జేబు నుంచే రావాలి. జీతం ఎగ్గొడితే డబ్ల్యూహెచ్-4 అనే ఫారంతో 12 నెలల లోపు కార్మిక శాఖకు ఫిర్యాదు చేయవచ్చు. 2000 నాటి చట్టం వల్ల కొత్త సంస్థ పిటిషన్ వేయగానే అక్కడ పనిలో చేరవచ్చు; 2017 నుంచి ఉద్యోగం పోయినా దేశంలో ఉండడానికి సాధారణంగా 60 రోజుల వరకు గడువు ఉంటుంది. నేను జీతం అడుగుతూ ఈమెయిల్ రాశాను, కొంత వచ్చింది, మిగతా దానికోసం ఆగకుండా మరో సంస్థకు మారాను.

అదే మొదటి సంస్థలో ఇద్దరు బెంచి మీద ఉన్నప్పుడు జీతం ఒక్క నెల కూడా ఆగలేదు. ఆ డబ్బు ఇంటి మీద తెచ్చిన అప్పు అని యజమాని భార్య చాలా కాలం తరువాత చెప్పారు. వెండరు ఒప్పందాన్ని ఆయన నా ముందు పెట్టి, రేటులో 80 శాతం నీకు, 20 శాతం సంస్థకు అని చూపించారు. మా నాన్న నల్లగొండలో ఆసుపత్రిలో చేరినప్పుడు క్లయింటుతో, ఇద్దరు వెండర్లతో ఆయనే మాట్లాడి, ఆ రాత్రికే నన్ను విమానం ఎక్కించారు. కనుక చిన్న సంస్థ అనగానే మోసమనుకోవడం తప్పు. అక్కడ నియమాలకన్నా యజమాని స్వభావమే ఎక్కువగా నడుస్తుంది, ఆ స్వభావం ఆఫర్ లెటర్‌లో కనబడదు.

అందుకని స్వభావాన్ని కాక కాగితాన్ని చూడమంటాను. మధ్యలో మానేస్తే ఇంత కట్టాలన్న షరతు ఉందా, బెంచి జీతం సంగతి రాసి ఉందా, ఇప్పుడు అక్కడ పనిచేస్తున్నవారికి బెంచి మీద ఉన్నప్పుడు పేస్టబ్ (జీతం చీటీ) వచ్చిందా అని అడగాలి. హెచ్‌-1బి ఉద్యోగి పనిలో చేరే రోజుకల్లా ఎల్‌సీఏ నకలు అతని చేతికి ఇవ్వడం యజమాని విధి. ఇవ్వకపోయినా దారి ఉంది: ఆ హామీపత్రాల వివరాలను కార్మిక శాఖ ఎప్పటికప్పుడు బహిరంగంగా ప్రచురిస్తుంది, సంస్థ పేరు, పనిచేసే ఊరు, ఇస్తామన్న జీతం అందులో వరుసగా ఉంటాయి.