నెట్ లైఫ్ సైన్సెస్, పీహెచ్‌డీ ఇంటర్వ్యూ: నల్లగొండ నుంచి నా ప్రిపరేషన్

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! సీఎస్ఐఆర్ నెట్ (సైన్స్‌లో రీసెర్చ్‌కీ, లెక్చరర్ ఉద్యోగానికీ అర్హత పరీక్ష)లో నాకు జేఆర్ఎఫ్, అంటే రీసెర్చ్ చేసేవాళ్ళకిచ్చే ఫెలోషిప్, మూడోసారికి వచ్చింది. ముందు రెండుసార్లు ఎందుకు పోయిందో మొదట చెప్తాను. నన్ను కలిసే జూనియర్లలో చాలామంది అదే తప్పు చేస్తున్నారు.

పదో తరగతి దాకా నాది తెలుగు మీడియం. డిగ్రీ, ఎమ్మెస్సీ నల్లగొండలోనే. పొద్దంతా లైబ్రరీ, సాయంత్రం ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో పార్ట్‌టైం. ఒక కోచింగ్ సెంటర్ నోట్సు జిరాక్స్ తీయించుకుని మొత్తం బట్టీ పట్టాను. ఆల్ఫా హెలిక్స్‌లో ఒక్కో చుట్టుకు 3.6 అమైనో ఆమ్లాలు, హిమోగ్లోబిన్ బీటా గొలుసు ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం పోయి వాలీన్ వస్తే సికిల్ సెల్... నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. పరీక్షలో పార్ట్ సి, అంటే ఆలోచించి రాయాల్సిన ప్రశ్నల దగ్గరికి వచ్చేసరికి ఇదేదీ పనికి రాలేదు.

200 మార్కుల్లో 100 పార్ట్ సి లోనే ఉన్నాయి. 75 ప్రశ్నల్లో 25 రాయాలి. ఒప్పయితే 4, తప్పయితే 1 పోతుంది. ఖాళీ వదలాలంటే భయం, అందుకే రెండుసార్లూ 25 నింపి వచ్చాను. రెండోసారి కీ చూసుకుంటే 10 ఒప్పు, 15 తప్పు. 40లో 15 పోగా 25 మిగిలాయి. తెలియనివి వదిలేసి ఉంటే 40 నిలిచేవి. ఆ రాత్రి అన్నం సయించలేదు.

మూడోసారి చదవడం తగ్గించి చేత్తో చేయడం పెంచాను. రామచంద్రన్ ప్లాట్‌నే తీసుకోండి, ప్రోటీన్ గొలుసు ఏ కోణాల్లో మెలి తిరగగలదో చూపే పటం అది. మద్రాసు విశ్వవిద్యాలయంలో 1963లో వచ్చిన పని అని అందరికీ తెలుసు. ఆ పటంలో ఎక్కువ భాగం ఎందుకు ఖాళీగా ఉంటుందో మాత్రం నాకు తెలియదు. ఇంట్లో ఉన్న పాత పెళ్ళికార్డులు దీర్ఘచతురస్రాలుగా కత్తిరించాను. ఒక్కో అట్ట ఒక్కో పెప్టైడ్ బంధం (రెండు అమైనో ఆమ్లాలను కలిపేది), ఎందుకంటే ఆ బంధం అట్టలాగే బిగుసుకుని ఉంటుంది, తిరగదు. అట్టల మూలలను సన్నటి తీగతో కలిపాను, ఆ ముడి ఆల్ఫా కార్బన్. ఆక్సిజన్ ఉండే అంచుకు ఎర్ర స్కెచ్ పెన్ను. ఆ ముడికి రెండు పక్కలా ఉండే ఫై, సై కోణాలు మార్చి తిప్పుతుంటే చాలాచోట్ల అంచులు ఒకదానికొకటి తగిలి ఆగిపోతాయి. ఆ తగిలే చోట్లే పటంలో ఖాళీలు. ఒక సాయంత్రం పట్టింది కానీ మళ్ళీ మరిచిపోలేదు.

కేడీ లెక్కలూ అంతే. లైగాండ్ అంటే ప్రోటీన్‌కు అతుక్కునే అణువు, సగం ప్రోటీన్ నిండడానికి కావాల్సిన దాని గాఢతే కేడీ. ప్రోటీన్ బాగా తక్కువగా ఉన్నప్పుడు లైగాండ్ గాఢతను, ఆ గాఢతకు కేడీ కలిపిన మొత్తంతో భాగిస్తే ఎంత ప్రోటీన్ నిండిందో వస్తుంది. కేడీ 2 మైక్రోమోలార్ అనుకోండి. లైగాండ్ 2 ఉంటే సగం, 6 ఉంటే 75 శాతం, 18 ఉంటే 90 శాతం. 6ను మూడింతలు చేసినా పెరిగింది 15 శాతమే. ఇలాంటివి రోజుకు పది వేయండి. గ్రాఫ్ ప్రశ్నలకు టెన్షన్ సగం తగ్గుతుంది.

పార్ట్ ఎ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, రోజూ అరగంట చాలు.

ఇంటర్వ్యూ హైదరాబాద్‌లో. ఊరు నల్లగొండ అనగానే ఒక మేడం, "ఫ్లోరైడ్ ఏ ఎంజైమ్‌ను ఆపుతుంది?" అన్నారు. నాకు మా ల్యాబ్‌లో షుగర్ టెస్టుకు వాడే బూడిదరంగు మూత గొట్టం గుర్తొచ్చింది. అడుగున తెల్లటి పొడి ఉంటుంది, అందులో సోడియం ఫ్లోరైడ్. రక్తకణాలు గ్లూకోజ్‌ను తినేయకుండా వేస్తారు. ఎనోలేజ్ అని చెప్పి, మెగ్నీషియం, ఫాస్ఫేట్‌లతో కలిసి ఫ్లోరైడ్ దాని క్రియాస్థలంలో ఎలా కూర్చుంటుందో బోర్డు మీద వేశాను.

"అయితే గొట్టంలో పడగానే గ్లూకోజ్ తగ్గడం ఆగుతుందా?"

అరనిమిషం నోరు పెగల్లేదు. తర్వాత గ్లైకోలిసిస్ (కణం గ్లూకోజ్‌ను విరిచే దారి) మెట్లు వరుసగా రాశాను. ఎనోలేజ్ ఉన్నది చివరి నుంచి రెండో మెట్టు. మొదటి మెట్టులో గ్లూకోజ్‌ను పట్టుకునే ఎంజైమ్ హెక్సోకైనేజ్ ఇంకా పనిచేస్తూనే ఉంటుంది, కాబట్టి మొదటి గంటా రెండు గంటలు గ్లూకోజ్ కొంత తగ్గుతూనే ఉండాలి అన్నాను. ఆవిడ తలూపారు.

పక్కనున్న సార్, "మీ దగ్గర ఎముకలు వంకర పోయేది కూడా ఎనోలేజ్ వల్లేనా?" అన్నారు. మా అమ్మమ్మది మర్రిగూడ మండలం. ఆమె కింద కూర్చుంటే ఇద్దరం పట్టి లేపాలి. కాదు సార్, ఎముక ఖనిజంలో హైడ్రాక్సిల్ స్థానంలోకి ఫ్లోరైడ్ చేరుతుంది, అది వేరే దారి అన్నాను. నాకు తెలిసింది అంతవరకే, అక్కడే ఆగాను. వారం తర్వాత సెలెక్షన్ మెయిల్ వచ్చింది.

దసరాకు ఊరొస్తున్నాను. లైబ్రరీలో చదువుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, ఆ అట్టల గొలుసు పట్టుకొస్తాను, కలిసి తిప్పి చూద్దాం.