డిస్క్ ఆగింది, సర్వర్ ఆగలేదు

తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి రెండు సర్వర్ల క్లస్టర్ అప్పజెప్పే ముందు ఫెన్సింగ్ పరీక్షించే పని నాకు వచ్చింది. పేషెంట్ల రికార్డులు, బిల్లింగ్, ల్యాబ్ రిపోర్టులు అన్నీ దాని మీదే నడవాలి. ఒక సర్వర్ నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే రెండోది పని అందుకుంటుంది. మొదటిది నిజంగా పడిపోయిందా, మధ్యలో నెట్‌వర్క్ మాత్రమే తెగిందా అన్నది మాత్రం దానికి తెలియదు. రెండూ ఒకేసారి ఒకే డిస్క్ మీద రాస్తే ఫైల్‌సిస్టమ్ నాశనమవుతుంది. అందుకే ముందు అవతలిదాన్ని కచ్చితంగా ఆపాలి. ఫెన్సింగ్ అంటే అదే.

ఇక్కడ పెట్టింది రెండు సర్వర్లూ కలిసి వాడుకునే డిస్క్, అంటే స్టోరేజీ ద్వారా చేసే ఫెన్సింగ్. క్లస్టర్‌ను నడిపే పేస్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఫెన్స్-స్కజీ అనే ఏజెంటు ఆ పని చేస్తుంది. సర్వర్లు డిస్కులతో మాట్లాడే స్కజీ-3 ప్రమాణంలోని పర్సిస్టెంట్ రిజర్వేషన్లు దీనికి ఆధారం: ప్రతి సర్వర్ స్టోరేజీ దగ్గర తన కీ నమోదు చేసుకుంటుంది, కీ ఉన్నవాళ్లే రాయగలరు. అవతలిదాని కీ తీసేస్తే దాని రాత ఆగిపోతుంది. కొత్తగా ఏ పరికరమూ కొననక్కర్లేదు కాబట్టి అందరికీ నచ్చింది.

సర్వర్ల మధ్య క్లస్టర్ కేబుల్ పీకాం. బయటి నెట్‌వర్క్‌ను ముట్టుకోలేదు. రెండో సర్వర్ మొదటిదాని కీ తీసేసి, డిస్క్ మౌంట్ చేసుకుని, డేటాబేస్ లేపింది. మొదటిదాని లాగ్‌లో రిజర్వేషన్ కాన్‌ఫ్లిక్ట్ ఎర్రర్లు, అంటే నీకు రాసే హక్కు లేదన్న జవాబులు వరసగా పడ్డాయి. చెప్పిన పని చెప్పినట్టే జరిగింది.

నాతో ఉన్న కుర్రాడు స్క్రీన్ చూస్తూ, "అన్నా, దీన్ని పక్కన పెట్టేసినామంటివి కదా, పింగ్ కొడితే ఇంకా పలకతానే ఉండాదే!" అన్నాడు.

అసలు సంగతి అదే. కీ తీసేయడమంటే పెన్ను లాక్కోవడమే, కుర్చీలోంచి లేపడం కాదు. మొదటి సర్వర్ కరెంటు మీదే ఉంది, కౌంటర్లు సర్వర్‌ను పిలిచే సర్వీస్ ఐపీ అడ్రస్ దాని దగ్గరా ఉంది, రెండోదాని దగ్గరా ఉంది. కొన్ని కౌంటర్ల కంప్యూటర్లు కొత్తదాంతో మాట్లాడుతుంటే కొన్ని పాతదాన్నే పట్టుకున్నాయి. ఈ రిజర్వేషన్ రాతనే ఆపుతుంది, చదవడాన్ని కాదు. మెమరీలో ఉన్న పాత సమాచారం అడిగినవాళ్లకు అందే ప్రమాదం అలాగే ఉంది.

నన్ను నిజంగా భయపెట్టింది ల్యాబ్. మిషన్ల నుంచి వచ్చే రిపోర్టు ముందు సర్వర్ సొంత డిస్క్‌లోని ఫోల్డర్‌లో పడి, తర్వాత డేటాబేస్‌లోకి వెళ్తుంది. సొంత డిస్క్‌కు ఈ ఫెన్సింగ్‌తో సంబంధమే లేదు. పాత సర్వర్ రిపోర్టు తీసుకుని, అందిందని మిషన్‌కు బదులిచ్చింది. ఆ రిపోర్టు డాక్టరుకు చేరే దారి లేదు. అలిపిరి మెట్లెక్కుతూ గుండె పట్టేసినవాళ్లను ఏ అర్ధరాత్రో తీసుకొచ్చే ఊరిది. రక్తపరీక్ష ఫలితం అలా ఎక్కడో ఇరుక్కుపోతే ఒప్పుకునే ప్రసక్తే లేదన్నాను.

పైగా ఫెన్స్ అయిన సర్వర్ రీబూట్ అయి మళ్లీ కీ నమోదు చేసుకునేదాకా క్లస్టర్‌లోకి రాలేదు. రాత్రిపూట సర్వర్ రూంలో రీబూట్ బటన్ నొక్కే మనిషి ఉండడు. దీనికి వాచ్‌డాగ్ ఒక మందు, అంటే సర్వర్ సరిగా లేదనుకుంటే దాన్ని రీబూట్ చేసే కాపలా. ఫెన్స్-స్కజీతో వచ్చే చెక్ స్క్రిప్టును వాచ్‌డాగ్‌కు కడితే, తన కీ పోయిందని గమనించిన సర్వర్ తనంతట తానే రీబూట్ అవుతుంది. హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ ఉంటేనే దీన్ని నమ్మాలి. సాఫ్ట్‌వేర్‌తో చేసిన వాచ్‌డాగ్, సాఫ్ట్‌డాగ్, ఉండేది ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నల్‌లోనే, కెర్నల్ బిగుసుకుపోతే అదీ బిగుసుకుపోవచ్చు.

మల్టీపాత్, అంటే స్టోరేజీకి ఒకటికి మించి దారులుండటం, దాని తిప్పలు వేరే. స్టోరేజీకి రెండు దారులుంటే రెండిటి మీదా కీ ఉండాలి. తెగిన దారి తిరిగొచ్చినప్పుడు దాని మీద నమోదు లేకపోతే, ఆరోగ్యంగా ఉన్న సర్వర్‌కే కాన్‌ఫ్లిక్ట్ ఎర్రర్ వస్తుంది. అందుకని మల్టీపాత్ కోసమే ఉన్న ఫెన్స్-ఎంపాత్ ఏజెంటుకు మారి, మల్టీపాత్ కాన్ఫిగరేషన్‌లో సర్వర్‌కో రిజర్వేషన్ కీ ఇచ్చాం.

అవతలి సర్వర్ కరెంటే తీసేయడం నా ప్రతిపాదన. ఖర్చుల లెక్క చూసే సార్‌ను దానికి ఒప్పించడానికే ఎక్కువ సమయం పట్టింది. సర్వర్‌ను దూరం నుంచి ఆన్, ఆఫ్ చేసే చిన్న కంట్రోలర్, బీఎంసీ, సర్వర్లలో ముందే ఉంది, దానికి ఒక చిన్న స్విచ్, రెండు కేబుళ్లు కావాలి, అంతే. ల్యాబ్ రిపోర్టు సంగతి చూపించాక ఆయన ఇక బేరం ఆడలేదు. మొదటి అంచెలో బీఎంసీ ద్వారా కరెంటు తీసేయడం, అది విఫలమైతే రెండో అంచెలో స్టోరేజీ కీ తీసేయడం, దానికి తోడు వాచ్‌డాగ్. రెండు సర్వర్లూ ఒకదాన్నొకటి ఒకేసారి ఆపేసుకోకుండా ఒకదానికి కొన్ని సెకన్ల ఆలస్యం పెట్టాం.

స్టోరేజీ ఫెన్సింగ్‌ను తీసిపారేయలేదు, దానికి కారణముంది. సర్వర్ పవర్ కార్డులు పీకి చూశాం. బీఎంసీ బతికేది కూడా ఆ కరెంటు మీదే కాబట్టి మొదటి అంచె జవాబు లేక విఫలమైంది. రెండో అంచె కీ తీసేసింది, డేటాబేస్ అవతల లేచింది.

బీఎంసీలను కలిపే ఆ స్విచ్, స్టోరేజీ రెండూ ఒకేసారి అందకపోతే క్లస్టర్ ఎవరికీ పని అప్పగించకుండా ఆగిపోతుంది. అప్పుడు మనిషి వెళ్లి, సర్వర్ ఆఫ్ అయిందని కళ్లారా చూసి, ఆ తర్వాతే, అది ఆగిందని క్లస్టర్‌కు చెప్పే పీసీఎస్ స్టోనిత్ కన్‌ఫర్మ్ కమాండ్ కొట్టాలి. చూడకుండా కొడితే, రెండు సర్వర్లూ ఒకే డిస్క్ మీద రాసే పరిస్థితి మన చేతులతో మనమే తెచ్చుకున్నట్టు.