మంగళవారం గడి

"మంగళవారం లూవ్ర్ మ్యూజియం మూసేస్తారు, చూశావా?" అంది అక్క ఫోన్‌లో. అప్పటికే మా పారిస్ ట్రిప్ ప్లాన్ కాగితంలో, మంగళవారం గడిలో పెన్సిల్‌తో పెద్దక్షరాలతో రాసి ఉంది, లూవ్ర్ అని.

పారిస్‌లో మాకున్నవి నాలుగు రోజులు, ఆదివారం నుంచి బుధవారం దాకా. సోమవారం ఓర్సే మ్యూజియం సెలవు. నేను సరిగ్గా దాన్నే సోమవారం పెట్టాను! చెరిపి చెరిపి కాగితం అక్కడ పల్చబడిపోయింది. రెండూ అటుదిటు, ఇటుదటు మార్చాక గానీ కుదురుకోలేదు.

తిండి సంగతే అసలు బెంగ. అక్కడ చాలా రెస్టారెంట్లు మధ్యాహ్నం రెండు, రెండున్నరకల్లా వంట ఆపేసి మళ్ళీ రాత్రి ఏడింటికి గానీ మొదలెట్టవు. నాన్నకి షుగర్. అందుకే ముందు ఆయన ఒంటిగంట భోజనం రాశాను, చూసేవన్నీ దాని చుట్టూ సర్దాను. లిస్టులోంచి మూడు చోట్లు పోయాయి. పోనీ.

సాయంత్రం ఆ కాగితం నాన్నకి చూపించాను. ఓర్సే ఒకప్పుడు రైల్వే స్టేషన్ అనీ, 1900లో జరిగిన ప్రపంచ ప్రదర్శన కోసం కట్టారనీ, 1986లో మ్యూజియంగా తెరిచారనీ, పెద్ద గడియారం ఇంకా ఉందనీ చెప్పాను. ముప్పై రెండేళ్ళు రైల్వేలో చేసిన మనిషి. కళ్ళజోడు తెచ్చుకుని కూర్చున్నారు.

"ప్లాట్‌ఫాంలు ఎటువైపు ఉండేవో తెలుస్తుందంటావా?"

మంగళవారం గడిలో మిగతావన్నీ కొట్టేశాను. ఆ రోజంతా ఓర్సేనే.