పోలో జీటీ టీఎస్ఐకి ట్యూనింగ్: బాక్సా, రీమ్యాపా, స్టాండలోనా?

పాత పోలో జీటీ టీఎస్ఐ (1.2 లీటర్, 105 పీఎస్, 175 ఎన్ఎం) తీసుకున్నవాళ్లు ముందుగా అడిగేది ఎంత హెచ్‌పీ పెరుగుతుందని. అంతకంటే ముందు గేర్‌బాక్స్ సంగతి చూడాలి. ఇందులోని ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్, అంటే డీక్యూ200, 250 ఎన్ఎం వరకే లెక్కగట్టి చేసింది. అందుకని 220 దగ్గర ఆగిపోవడం మంచిది. ఆ టార్క్ కూడా 2,000 ఆర్‌పీఎమ్ దగ్గర ఒక్కసారిగా కాకుండా, కాస్త పైకెళ్లాక మెల్లగా రావాలి.

చవకలో దొరికేది పిగ్గీబ్యాక్ బాక్స్. అది మ్యాప్ సెన్సర్ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే మానిఫోల్డ్‌లో ఒత్తిడి కొలిచేది) వైరు మధ్యలో కూర్చుని, మానిఫోల్డ్‌లో 1.7 బార్ ఉంటే ఈసీయూకి, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్‌కి, 1.5 అని చెబుతుంది. చాలదనుకుని ఈసీయూ బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) పెంచుతుంది. పెట్రోల్ తేడాను లాంబ్డా సెన్సర్ (పొగలో ఆక్సిజన్ కొలిచేది) కొంతవరకు సర్దుతుంది. ఇగ్నిషన్ టైమింగ్‌ను మాత్రం ఈసీయూ తన పట్టికలో తక్కువ లోడ్‌కి రాసిన గడిలోంచే తీసుకుంటుంది కాబట్టి, స్పార్క్ ఉండాల్సినదానికంటే ముందే పడి నాకింగ్ (పెట్రోల్ అదుపు తప్పి మండి ఇంజన్‌ని కొట్టడం) మొదలవుతుంది. ఇంకో చిక్కుంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. క్లచ్‌ను ఎంత గట్టిగా పట్టాలో డీఎస్‌జీ నిర్ణయించేది ఈసీయూ చెప్పిన టార్క్ అంకెను బట్టే. ఆ అంకె తక్కువ చెబితే పట్టు చాలక క్లచ్ జారుతుంది, ప్లేట్లు కాలిపోతాయి. ఈ బండికి బాక్స్ వద్దే వద్దు. మాన్యువల్ బూస్ట్ కంట్రోలర్ పనికే రాదు, ఎందుకంటే ఇందులో వేస్ట్‌గేట్‌ను (బూస్ట్‌ను అదుపు చేసే తలుపు) తెరిచేది గొట్టంలోని గాలి కాదు, ఎలక్ట్రిక్ మోటార్.

సరైన దారి రీమ్యాప్, అంటే ఈసీయూలోని సాఫ్ట్‌వేర్ లెక్కలనే (మ్యాప్) మార్చి రాయడం. ట్యూనర్‌ని అడగాల్సింది ఒకటే: "టార్క్ మోడల్ (ఈసీయూ టార్క్‌ను లెక్కగట్టే పద్ధతి) సరిచేస్తారా, లిమిటర్లు తీసేసి వదిలేస్తారా?" జవాబు తడబడితే లేచి వచ్చేయండి. ఒరిజినల్ ఫైల్ కాపీ తీసుకోండి. ఏ పెట్రోల్‌కి మ్యాప్ రాశారో రాయించుకోండి. 100 ఆక్టేన్‌కి రాసిన మ్యాప్‌తో బయల్దేరి సూర్యాపేట దాటాక మామూలు పెట్రోల్ పోయిస్తే ఇంజన్‌కే నష్టం. రోజూ మీ ఊరి బంకులో దొరికేదానికే రాయించుకోవాలి.

కొత్త మ్యాప్ ఈసీయూలోకి ఎక్కించే (ఫ్లాష్ చేసే) ముందు రెండు పనులు. పొద్దున్నే చల్లగా ఉన్న ఇంజన్ స్టార్ట్ చేసి వినండి. గలగలమంటే టైమింగ్ చైన్ సాగినట్టు అనుమానించాలి, ముందు అది తేల్చుకోవాలి. ప్లగ్గులు కొత్తవి వేసి గ్యాప్ 0.7 మి.మీ. దగ్గర పెట్టండి. ఎక్కువైతే బూస్ట్‌లో మిస్‌ఫైర్ వస్తుంది.

తర్వాత ఖాళీ రోడ్డు మీద మాన్యువల్ మోడ్, మూడో గేర్, 2,000 నుంచి 6,000 దాకా ఫుల్ థ్రాటిల్ లాగ్ (ఈసీయూ అంకెల రికార్డు) తీయండి. ఈసీయూ అడిగిన బూస్ట్, వచ్చిన బూస్ట్, సిలిండర్‌వారీ నాక్ రిటార్డ్ (నాకింగ్ వల్ల టైమింగ్ ఎంత వెనక్కి పోయిందో), ఇన్‌టేక్ ఉష్ణోగ్రత చూడాలి. ఒకే సిలిండర్‌లో ప్రతిసారీ 3 డిగ్రీలు దాటి టైమింగ్ వెనక్కి పోతుంటే మ్యాప్ తగ్గించాల్సిందే. జనవరిలో శుభ్రంగా ఉన్న లాగ్ బెజవాడ మే ఎండలో అలా ఉండదు, అప్పుడు మళ్లీ తీయండి.

స్టాండలోన్ ఈసీయూ, అంటే కంపెనీది తీసేసి దాని చోట పెట్టే వేరే ఈసీయూ, ఈ బండికి కాదు. సిలిండర్‌లోకే నేరుగా పెట్రోల్ కొట్టే డైరెక్ట్ ఇంజెక్టర్లకు సుమారు 65 వోల్టుల డ్రైవర్ కావాలి, హై ప్రెషర్ పంపునీ నడపాలి, పైగా డీఎస్‌జీ, ఏబీఎస్, మీటర్ అన్నీ క్యాన్ లైన్ (బండిలోని కంప్యూటర్లు మాట్లాడుకునే వైర్లు) మీద పాత ఈసీయూనే వెతుక్కుంటాయి. పోర్ట్ ఇంజెక్షన్ (పెట్రోల్ సిలిండర్ బయటే గాలిలో కలిసేది) ఉన్న పాత నాలుగు సిలిండర్ల ఇంజన్‌కి టర్బో ఎక్కించేవాళ్లకైతే అదే సరైనది. 150 హెచ్‌పీ లక్ష్యమైతే, డ్యూటీ (ఇంజెక్టర్ తెరిచి ఉండే సమయం) 80 శాతం దాటకూడదంటే ఒక్కో ఇంజెక్టర్ సైజు నిమిషానికి 290 సీసీ ఉండాలి. ఈ20కి (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) ఇంకో 9 శాతం కలిపితే 316 అవుతుంది, కాబట్టి 350వి కొనండి. వైడ్‌బ్యాండ్ సెన్సర్‌ను (గాలి, పెట్రోల్ పాళ్లు కచ్చితంగా కొలిచే లాంబ్డా సెన్సర్) పొగ పైపులో పక్కకి అడ్డంగా బిగించకండి, కనీసం 10 డిగ్రీలు పైకి ఎత్తి పెట్టండి. లేకపోతే పైపులో చేరిన నీటిచుక్క పడి, వేడెక్కిన సిరామిక్ చిట్లిపోతుంది.